ఇరవై కిలోల కావలి

2020 మే 7. వైశాఖ పున్నమి రాత్రి. విశాఖపట్నం శివార్లలో, గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురం గాఢనిద్రలో ఉంది. లాక్‌డౌన్ కాలం, ఆపైన నడివేసవి. ఉక్కపోతకు తలుపులు కిటికీలు బార్లా తీసి, చల్లదనం కోసం నేల మీదే చాపలు పరుచుకుని పడుకున్న ఇళ్లు. మూడు గంటల ప్రాంతంలో ఊరి మీదికి తెల్లటి మంచులాంటిది దిగడం మొదలైంది. వెన్నెట్లో అది మంచు అనుకోవడానికి కూడా వీల్లేదు. మే నెలలో మంచేమిటి?

మొదట వాసన తగిలింది. ప్లాస్టిక్ కాలుతున్నట్టూ, కొత్త పెయింటు డబ్బా మూత తీసినట్టూ, కొంచెం తియ్యగా ఉంది. తర్వాత కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. "గేసు! లెగండి, లెగండి!" అన్న కేక ఏ వీధిలో పుట్టిందో గానీ ఇల్లిల్లూ పాకింది. లేచినవాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తారు. ఎటు పరుగెత్తాలో చెప్పేవాళ్లు లేరు. కొందరు వాసన వచ్చే దిక్కుకే ఎదురెళ్లారు. కళ్లు కనబడక బావిలో పడ్డవాళ్లున్నారు. బండి మీద పోతూ పోతూనే స్పృహ తప్పి రోడ్డు మీద కూలిపోయినవాళ్లున్నారు. సాయానికి వచ్చిన పోలీసుల్లో కొందరు వాళ్లే సొమ్మసిల్లారు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. పైకి లేచిపోదు, నేలను పట్టుకుని పాకుతుంది. చల్లదనం కోసం నేల మీద పడుకున్నవాళ్లనే అది ముందు పట్టుకుంది.

ఆ పొద్దున మేము సూర్యాపేటలో టీవీ ముందు కూర్చున్నాం. ఏప్రిల్‌లో మా కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కరోనా కేసులు బయటపడిన దగ్గర్నుంచి గడప దాటడానికే భయపడుతున్న రోజులవి. ఊపిరి గురించే రాత్రింబవళ్లు ఆలోచిస్తున్న కాలంలో, ఐదువందల కిలోమీటర్ల అవతల మనుషులు ఊపిరాడక రోడ్డు మీద పడి ఉన్నారు. చేతుల మీద ఎత్తుకుపోతున్న పసివాళ్లు, మురుగుకాలవ పక్కన వాలిపోయిన ఆడవాళ్లు, కట్టుతాడుతోనే నురగ కక్కి పడిపోయిన పశువులు. స్క్రోలింగులో రెండే మాటలు తిరుగుతున్నాయి: ఎల్జీ పాలిమర్స్, స్టైరీన్.

మూడో మాట రెండ్రోజుల తర్వాత పత్రికల్లో లోపలి పేజీల్లో చిన్నగా వచ్చింది. టీబీసీ. పూర్తిపేరు టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్. ఈ గాథలో నన్ను ఇన్నేళ్లుగా వదలనిది ఆ మూడో మాటే.

అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది రసాయన శాస్త్రం పుస్తకం కాదు. కోదాడ రోడ్డులో ఫైబర్ పని చేసే ఒక షెడ్డు. లారీ క్యాబిన్ల మీది టాపులు, నీళ్ల తొట్లు, గుడి ముందు పెట్టే బొమ్మలు అక్కడ చేస్తారు. మూలన నీలం డ్రమ్ములో చిక్కటి తేనెరంగు రెసిన్. ఆ రెసిన్‌లో మూడో వంతుకు పైగా స్టైరీనే ఉంటుంది. డ్రమ్ము మీద తడిగోనె కప్పి ఉంది. ఎందుకని అక్కడి పనివాణ్ని అడిగాను.

"ఎండకాలం గదా సార్. ఎండల పెడితే హార్డ్‌నర్ పొయ్యకున్నా దానంతటదే గడ్డ కడ్తది. డ్రమ్ముకు డ్రమ్ము పారేసుడే."

"మరి కంపెనీ నుంచి ఇక్కడి దాకా వచ్చేటప్పుడు ఎందుకు గడ్డకట్టలేదు?"

"అండ్ల ఏందో మందు కలిపి పంపుతరు సార్. ఆ మందు బలం ఉన్నన్నాళ్లే. ఆరు నెలలు దాటిందా, నమ్మొద్దు."

అతను పక్కనున్న చిన్న డబ్బాలోంచి నిరుడు పాడైపోయిన రెసిన్ గడ్డ తీసి చూపించాడు. గాజులా గట్టిగా, నిలువునా పగుళ్లతో ఉంది. గడ్డకట్టేటప్పుడు డబ్బా చేత్తో పట్టుకోలేనంత కాలిందని చెప్పాడు. విశాఖలో జరిగింది మొత్తం ఆ డబ్బాలోనే ఉంది. డబ్బాకు బదులు అక్కడ 1,800 టన్నులకు పైగా పట్టిన ట్యాంకు.

స్టైరీన్‌ది మొదట్నుంచీ ఇదే గుణం. మన ఆయుర్వేదంలో శిలారసం అంటారే, సుగంధం వేసే ఆ చెట్టు బంకను 1839లో బెర్లిన్ నగరంలో ఎడ్వర్డ్ సైమన్ అనే మందుల వర్తకుడు బట్టీ పట్టి ఒక నూనె తీశాడు. కొన్నాళ్లు ఊరికే ఉంచితే అది ముద్దగా మారింది. ఎందుకు మారిందో ఆయనకు తెలియలేదు. అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసు కడతాయని 1920లో హెర్మన్ స్టాడింగర్ చెప్పేదాకా లోకానికీ సరిగా తెలియదు. ఆ గొలుసే పాలీస్టైరీన్. దాన్ని పొంగిస్తే థర్మాకోల్. మిర్యాలగూడలో పెళ్లి మంటపం వెనక తెర మీద వధూవరుల పేర్లు తెల్లగా చెక్కి అతికిస్తారే, ఆ అక్షరాల పుట్టుక ఈ నూనెలోనే.

పాలు తోడుకోవాలంటే ఇంత పెరుగు చుక్క వెయ్యాలి. స్టైరీన్‌కు ఆ చుక్క కూడా అక్కర్లేదు, తనంతట తానే తోడుకుంటుంది. తోడుకునేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి ఇంకా తొందరగా తోడుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. ఒకసారి ఆ దారి పట్టిందంటే మనిషి చేతిలో ఉండదు. కాబట్టి దాన్ని నిలవ చేసేవాళ్లు తోడుకోనివ్వని మందు ఒకటి కలుపుతారు. అదే టీబీసీ. తెల్లటి పలుకులుగా ఉండే పదార్థం. చెయ్యి చాచిన ప్రతి స్టైరీన్ అణువునూ పక్కదాన్ని అందుకోకముందే పట్టుకుని ఆపుతుంది, ఆపుతూ తాను ఖర్చైపోతుంది. అది పని చెయ్యాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. వేడి పెరిగితే ఇంకా త్వరగా ఖర్చవుతుంది. అందుకే ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు పరీక్షించి, తగ్గినంత మళ్లీ పొయ్యాలి. మందు కూడా అమృతమేమీ కాదు. ఒంటికి తగిలితే చర్మం కాలుతుంది, రోజూ దానితో పనిచేసే కార్మికులకు తెల్లమచ్చలు వస్తాయి. జాగ్రత్తగా వాడాల్సిన సరుకే. వాడాల్సిన పరిమాణం మాత్రం చాలా తక్కువ. పది లక్షల పాళ్లలో పది నుంచి పదిహేను పాళ్లు.

ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. 1,800 టన్నుల స్టైరీన్‌కు పది పాళ్ల చొప్పున టీబీసీ పద్దెనిమిది కిలోలు, పదిహేను పాళ్లయితే ఇరవై ఏడు. మా మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే బియ్యం సంచి ఇరవై ఐదు కిలోలు. ఒక మనిషి భుజాన వేసుకుని మెట్లెక్కగల బరువు అది. ఒక ఊరి ప్రాణానికి కావలి కాయాల్సిన మందు అటూ ఇటుగా ఆ సంచి అంతే.

ఇక ఫ్యాక్టరీ సంగతి. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పుట్టింది. తర్వాత యూబీ గ్రూపు చేతికి వెళ్లింది. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్జీ కెమ్ కొని ఎల్జీ పాలిమర్స్ అని పేరు పెట్టింది. ఫ్యాక్టరీ కట్టిన నాడు చుట్టూ ఊళ్లు పల్చగా ఉండేవి. అరవై ఏళ్లలో నగరం గోడ దాకా పాకింది. గోడకు ఇవతల ఇళ్లు, అవతల ట్యాంకులు. ఆ ట్యాంకుల్లో ప్రమాదానికి మూలమైన ఎం-6 అన్నది దశాబ్దాల నాటి పాతది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఉత్పత్తి ఆగింది. నిర్వహణ కోసం కొద్దిమంది సిబ్బందికి పాసులిచ్చారు. స్టైరీన్‌కు మాత్రం లాక్‌డౌన్ లేదు. మామూలు రోజుల్లో ట్యాంకులోకి కొత్త సరుకు వస్తూ, పాతది పోతూ ఉండేది. ఇప్పుడది నలభై రోజులకు పైగా కదలకుండా నిలబడిపోయింది, అదీ విశాఖ ఎండల్లో.

ప్రమాదం తర్వాత ప్రత్యేక ప్రధాన కార్యదర్శి నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ నలభై రోజుల్నీ పొరలు పొరలుగా విప్పింది. 2020 జూలై 6న ముఖ్యమంత్రికి అందిన ఆ నివేదిక అనుబంధాలతో కలిపి నాలుగు వేల పేజీలు. అది చెప్పినదాని ప్రకారం ఆ ట్యాంకు లోపలి రాత్రిని ఊహించుకోవచ్చు.

2019 డిసెంబరులో ట్యాంకులోని గొట్టం అమరికను మార్చారు. ఆ మార్పుతో లోపలి ద్రవం పైకీ కిందికీ సరిగా తిరగడం ఆగిపోయింది. చల్లబరిచే యంత్రాన్ని రోజంతా నడపలేదు, సాయంత్రం ఐదింటికి ఆపేసేవారు. వేడి కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది. అడుగు చల్లగా ఉంటే కొలత చల్లగానే చూపిస్తుంది. పైపొరలో వేడి పేరుకుంటున్న సంగతి దానికి అందదు. కాగుతున్న పాలగిన్నెను కింద తాకి చూసి చల్లగా ఉందనుకుంటే పైన మీగడ కింద ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఇంకో చిక్కు ఏమిటంటే, టీబీసీ ఆవిరిగా పైకి లేవదు. స్టైరీన్ ఆవిరి కప్పును తాకి చుక్కలుగా మారినప్పుడు ఆ చుక్కల్లో కావలి ఉండదు. పై భాగంలో తోడుకోవడం అలా మొదలవుతుంది.

వీటన్నిటి తర్వాత మిగిలిన చివరి అడ్డు ద్రవంలోని టీబీసీ. అది రోజురోజుకూ ఖర్చైపోతోంది. ఫ్యాక్టరీలో దాని నిల్వ సరిపడా లేదు. ఏప్రిల్ చివర్లో చేసిన పరీక్షల్లో ట్యాంకులో పాలిమర్ పెరుగుతున్నట్టు కనిపించింది. లోపల తోడుకోవడం మొదలైందన్న కబురు అది. దాన్ని సరుకు నాణ్యతకు సంబంధించిన విషయంగా చూశారు తప్ప ప్రాణాలకు సంబంధించిన హెచ్చరికగా చూడలేదు. నాలుగు వేల పేజీల్లో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది ఈ ఒక్క వాక్యమే. కబురు వచ్చింది, చదివారు. చదివి మరో ఖాతాలో రాసుకున్నారు.

మే 6 సాయంత్రం చల్లబరిచే యంత్రం ఆగింది. రాత్రి గడుస్తున్నకొద్దీ ట్యాంకు లోపల గొలుసులు కట్టుకుంటూ పోయాయి, వేడి మీద వేడి. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర. ఆ రాత్రి ట్యాంకులో వేడి 150 దాటిపోయింది. మరిగిన ఆవిరి కప్పు మీది గొట్టాల్లోంచి ఎగదన్నుకుని బయటికొచ్చి, గాలివాటున గోడ దాటి, వెంకటాపురం వీధుల్లోకి దిగింది. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో, గేటుతో సహా, 36 చోట్ల ఏర్పాటు ఉంది. ఊరిని లేపడానికి ఒక్కటీ మోగలేదు. ఆ ఊరిని లేపింది సైరన్ కాదు, కళ్లమంట.

ఆ తర్వాత ఊరు చేసింది ఊరే చేసింది. పక్క కాలనీల కుర్రాళ్లు తువ్వాళ్లు తడిపి ముఖానికి కట్టుకుని లోపలికెళ్లారు. తలుపులు బద్దలుకొట్టి మనుషుల్ని బయటికి లాగారు. ఆటోల్లో, బైకుల మీద మధ్యన కూర్చోబెట్టుకుని, చేతుల మీద కింగ్ జార్జ్ ఆసుపత్రికి చేర్చారు. కరోనా భయంతో పక్కింటి మనిషిని కూడా ముట్టుకోని రోజుల్లో, ముక్కూమొహం తెలియనివాళ్లను గుండెకు హత్తుకుని పరుగెత్తారు. చావుల లెక్క పన్నెండు దగ్గర ఆగిందంటే అందులో ఆ కుర్రాళ్ల వాటా చాలా పెద్దది. 585 మంది ఆసుపత్రుల పాలయ్యారు. వేలాదిమంది ఊళ్లు ఖాళీ చేశారు. చనిపోయినవాళ్లలో పసిపిల్లలున్నారు, డాక్టరు చదువులో చేరి ఏడాది కూడా నిండని కుర్రాడున్నాడు.

అప్పుడు కదిలింది టీబీసీ. గుజరాత్‌లోని వాపీలో దాన్ని తయారుచేస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడిగితే గుజరాత్ ప్రభుత్వం అదే రోజు 500 కిలోలు సేకరించి, రోడ్డు మీద దమన్ విమానాశ్రయానికి చేర్చి, అక్కణ్నుంచి విమానంలో విశాఖకు పంపింది. పుణె నుంచి విపత్తు దళం నిపుణులూ వచ్చారు. రసాయనాలు పోసి, నీళ్లు కొట్టి, ఆ ట్యాంకును చల్లార్చడానికి రోజులు పట్టింది. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు కొన్ని గంటల్లో అంత మందు రాగలిగింది. ఆ మందు దొరకనిది కాదు, తేలేనిది కాదు. అంతకు ముందు నెలలో ఇరవై కిలోలు సమయానికి ట్యాంకులో పడి, చల్లబరిచే యంత్రం రాత్రుళ్లు కూడా తిరిగి ఉంటే విమానం ఎగరాల్సిన పనే లేదు. 500 కిలోలంటే ఇరవై బియ్యం సంచులు. అవి వచ్చేసరికి శవాలు మార్చురీలో ఉన్నాయి.

తర్వాతి సంగతులు త్వరత్వరగా జరిగాయి. మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని 50 కోట్లు జమ చెయ్యమంది. మృతుల కుటుంబాలకు రాష్ట్రం కోటి చొప్పున ఇచ్చింది. హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టి ఫ్యాక్టరీ ఆవరణకు సీలు వేయించింది. మిగిలిన దాదాపు 13,000 టన్నుల స్టైరీన్ ఓడలెక్కి కొరియాకు తిరిగి వెళ్లిపోయింది. నివేదిక వచ్చిన మర్నాడు కంపెనీ సీఈవో సహా పన్నెండుమందిని పోలీసులు అరెస్టు చేశారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఫ్యాక్టరీ నడుస్తోందన్న సంగతి కంపెనీ అంతకు ముందు ఏడాది ఇచ్చిన అఫిడవిట్‌లోనే ఉంది. అంటే అది రహస్యం కూడా కాదు. అఫిడవిట్ అందుకున్న చేతులూ ఉన్నాయి. తప్పు ఒక్క గోడ లోపలే ఉందని నేననుకోను.

1984 డిసెంబరు రాత్రి భోపాల్‌లోనూ ట్యాంకును చల్లబరిచే యంత్రం ఆగే ఉంది. అక్కడా ట్యాంకు తనలో తానే మరిగింది, అక్కడా ఊరు నిద్రలోనే ఉంది. ఆ వేల చావుల తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త సెక్షన్లు చేర్చారు. 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. కాగితం మీద మనకు లోటు లేదు.

ఇప్పుడు మన సంగతి. 65వ నంబరు జాతీయ రహదారి మన గడప ముందు నుంచే పోతుంది. పగలూ రాత్రీ ట్యాంకర్లు సూర్యాపేట, కోదాడ మీదుగా తిరుగుతుంటాయి. వాటి వెనక నారింజరంగు పలక మీద అంకెలుంటాయి. లోపలి సరుకు ఏమిటో చెప్పే అంకెలవి. స్టైరీన్‌కు 2055. ఆ నంబరు కింద రాసే పేరులోనే నిలకడ మందు కలిపినది అన్న మాట ఉంటుంది. మందు కలపని స్టైరీన్‌ను రోడ్డెక్కించకూడదని లోకమంతా పెట్టుకున్న నియమం అది. బోల్తాపడిన ట్యాంకరు చుట్టూ బకెట్లతో గుమిగూడే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ముందు ఆ అంకెలు చూడండి, చూసి దూరం జరగండి. వాసన తగిలితే గాలికి ఎదురుగా గానీ గాలి వెంట గానీ కాదు, గాలికి అడ్డంగా, ఎత్తైన చోటికి పోవాలి. ముఖానికి తడిబట్ట కట్టుకోవాలి. నేల మీద పడుకున్న పిల్లల్ని, ముసలివాళ్లను ముందు లేపాలి.

రెండో మాట గ్రామసభల్లో మాట్లాడేవాళ్లకు. ప్రమాదకరమైన పదార్థాలతో నడిచే ఫ్యాక్టరీ, లోపలి ప్రమాదం ఏమిటో, అది జరిగితే ఏం చేయాలో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పి తీరాలని 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్‌గా రాశారు. అది ఎవరో చేసే మేలు కాదు, భోపాల్‌లో పోయిన ప్రాణాలు మనకు సంపాదించిపెట్టిన హక్కు. మీ ఊరి పక్కన ట్యాంకు ఉంటే మూడు ప్రశ్నలు రాసి పంచాయతీ ద్వారా అడగండి. అందులో ఏముంది? దాన్ని అదుపులో ఉంచే మందు ఈ రోజు ఎన్ని కిలోలు నిల్వ ఉంది? ఊరికి వినబడేలా సైరన్ చివరిసారి ఎప్పుడు మోగించి చూశారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, తేదీ వేయించుకోండి.